ఊరుమ్మడి పనిముట్టు, ఒంటరి పనివాడు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



త్రాగునీటి పథకములు, వీధి దీపములు, ఇంటి పన్నుల వసూలు మొదలగు విషయములను గూర్చి మీరు ఉదయము నుండియు వినుచున్నారు. నాకు ఒప్పగించిన విషయము వీనికి కొంత దూరముగా తోచవచ్చును. ఏ కంపెనీ కొలువులోను లేక, తన యింటనే కూర్చుండి, సంగీతమునకు పనికివచ్చు కంప్యూటరు సాఫ్టువేరును తయారుచేసి లోకమున కందించిన ఒక మనిషిని గూర్చి నేను చెప్పవలసియున్నది. ఆయన ఇంగ్లండులో పెరిగి, 1989లో అమెరికాకు వలస వెళ్లి అక్కడ స్థిరపడినవాడు. పేరు పాల్ డేవిస్. ఆయన తయారుచేసిన సాఫ్టువేరు పేరు ఆర్డోర్. ఇంగ్లీషున ఆ మాటకు ఉత్సాహము, తపన అని అర్థము.

విదేశములోని ఒక కంప్యూటరు పనివానితో మనకేమి పని యని మీరడుగవచ్చును. ఊరి చెరువు క్రింద నీరు పారించు నీరటికాని సంగతి మీలో పెద్దలకు తెలియును. తూము ఎత్తుట, దించుట, వానకాలమున గండి పడకుండ రాత్రివేళ కట్టమీద తిరుగుట, చివరి మడికి నీరందినదో లేదో చూచుట అతని పని. చెరువు ఊరందరిది. అతని బ్రతుకుతెరువు మాత్రము కళ్లమున ప్రతి రైతును తన రాశి నుండి కొలిచి యిచ్చు మేరమీద ఆధారపడి యుండెడిది. మేర ఆగిపోయిన ఊళ్లలో తూములు ఏ గతి పట్టినవో మీరే చూచితిరి. చేతిపంపుల సంగతియు అంతే. పంపు వేయుటకు ధనము దొరకును, ప్రారంభోత్సవమునకు పెద్దలు దొరకుదురు. మూడవ యేట వాషరు మార్చుటకు మనిషి దొరకడు. అందరిదైన వస్తువును నిలుపు మనిషి యేమి తిని బ్రతుకవలెనను ఈ ప్రశ్ననే కంప్యూటరు లోకమున డేవిస్ పాతికేండ్లుగా ఎదుర్కొనుచు వచ్చెను. ఆయనకు దొరికిన సమాధానము మన మేరకు మిక్కిలి దగ్గరగా నున్నది.

మొదట ఆ పనిముట్టు ఏమి చేయునో తెలిసికొందము. మీ యూరి రచ్చబండ యొద్ద బుర్రకథ జరుగుచున్నదనుకొనుడు. నడుమ కథకుడు తంబుర మీటుచు, చేతి అందెలు మ్రోగించుచు కథ చెప్పుచుండును. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు వాయించుచు తందాన పలుకుచుందురు. దీనిని చేతిలోని ఫోనుతో రికార్డు చేసినచో అన్ని శబ్దములు ఒకే ముద్దగా పడును. గుమ్మెట క్రింద కథకుని మాట మునిగిపోయినచో దానిని మరల పైకి తీయుట కష్టము. అట్లుగాక మాటకు ఒక మైకు, తంబురకు ఒకటి, అందెలకు ఒకటి, రెండు గుమ్మెటలకు రెండు చొప్పున అయిదు మైకులు పెట్టి, అయిదు వేరు వేరు చాళ్లలో రికార్డు చేసినచో, కథ ముగిసిన పిమ్మట తీరికగా కూర్చుండి గుమ్మెటను తగ్గించి మాటను పెంచవచ్చును. ఎవరో దగ్గిన చోటును తీసివేయవచ్చును. మరునాడు హార్మోనియము వచ్చినచో దానిని ఆరవ చాలుగా చేర్చవచ్చును. పూర్వము ఈ పని నగరములలోని పెద్ద స్టూడియోలలో, వెడల్పాటి అయస్కాంతపు టేపులమీద జరిగెడిది. ఆర్డోర్ ఆ స్టూడియో పనిని కంప్యూటరులోనికి తెచ్చు సాఫ్టువేరులలో ఒకటి.

కంప్యూటరు దీని నెట్లు చేయును? మైకు శబ్దపు అలను విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తును కంప్యూటరు సాధారణముగా సెకనునకు 48,000 మారులు కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా వ్రాసికొనును. కొలతకు మూడు బైట్లు చొప్పున ఒక్క మైకునకు సెకనునకు 1,44,000 బైట్లు. గంటకు సుమారు 52 కోట్ల బైట్లు. అయిదు మైకులతో గంట సేపు బుర్రకథ నడచినచో 260 కోట్ల బైట్లు. ఇంత లెక్క నేటి సాధారణ కంప్యూటరునకు బరువు కాదు. కష్టము మరియొక చోట నున్నది. పాడువాడు తన గొంతును ఇయర్‌ఫోనులో వినుచు పాడును. ఆ గొంతు కొంచెము ఆలస్యముగా చెవికి చేరినను తాళము తప్పును. కంప్యూటరు కొలతలను గుంపులుగా తీసికొనును. గుంపునకు 256 కొలతలు చొప్పున తీసికొన్నచో ఒక గుంపునకు 5.3 మిల్లీసెకండ్లు పట్టును. ఆ కాలములో శబ్దము గాలిలో రెండు మీటర్లు కూడ పోజాలదు. ఇంత స్వల్ప వ్యవధిలో, గంటల తరబడి, ఒక్క గుంపును కూడ జారవిడువకుండ చాళ్లన్నిటిని కలిపి నడిపించుటయే ఈ విద్యలోని కష్టము. ఒక్క గుంపు జారినను రికార్డులో టక్కుమను శబ్దము పడును. ఆ పాట చెడిపోవును.

ఇక ఆ మనిషి సంగతి. డేవిస్ చదివినది జీవశాస్త్రము. అమెరికాకు వచ్చిన తరువాత సియాటిల్ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు శాఖలో పనిచేసెను. 1994లో జెఫ్ బెజోస్ అనునతడు ఇంటర్నెట్టు ద్వారా పుస్తకములమ్ము దుకాణము పెట్టదలచి ఇద్దరు ప్రోగ్రామర్లను చేర్చుకొనెను. ఒకడు షెల్ కాఫన్, రెండవవాడు డేవిస్. ఆ దుకాణమే అమెజాన్. 1995 జూలైలో అది ప్రజలకు అమ్మకములు ప్రారంభించెను. నేడు మన మండల కేంద్రములకు సైతము పొట్లములు తెచ్చి యిచ్చు ఆ సంస్థకు మొదటి ప్రోగ్రాములు వ్రాసినవారు ఈ ఇద్దరే.

1996లో డేవిస్ ఆ పని మానెను. ఆయనకు పసిబిడ్డ యైన కుమార్తె యుండెను. ఆ సంస్థలో పనిగంటలకు హద్దు లేదు. బిడ్డ పెరుగు కాలమున తాను ఇంట నుండవలెనని ఆయన నిశ్చయించుకొనెను. ఆ యేడే కుటుంబముతో ఫిలడెల్ఫియా నగరమునకు మారెను. 1997 మే నెలలో అమెజాన్ వాటాలు బహిరంగ విపణిలోనికి వచ్చినవి. ఆయన నిలిచియున్నచో ఎంత ధనము గడించియుండెడివాడో లెక్కకట్టి విచారించువారు ఇప్పటికిని ఉన్నారు. ఈ లెక్కలయందు నాకంత రుచి లేదు. బిడ్డను సాకుటకు కొలువు మానిన తల్లులు మన దేశమున లక్షల సంఖ్యలో ఉన్నారు. వారు వదలుకొన్న జీతమును ఎవరును పత్రికలలో వ్రాయరు. తండ్రి ఆ పని చేసినప్పుడు మాత్రము అది వింతగా చెప్పుకొనబడును. ఈ సభలోని సోదరీమణులకు ఈ తేడా వివరింప నక్కరలేదు.

పనిచేసిన స్వల్ప కాలమునకు ఆయనకు లభించిన ధనము కొన్నేండ్లు జీతము లేకయే ఇల్లు గడచుటకు చాలినది. ఈ మాట మనము మరువరాదు. మరల దీనికి వత్తును.

ఇంటనుండి బిడ్డను చూచుకొనుచు, సంగీతమునందలి ఆసక్తితో 1999 ప్రాంతమున ఆయన ఆర్డోర్ రచనకు పూనుకొనెను. అప్పటికే చాళ్లుగా రికార్డు చేయు సాఫ్టువేరులు లేకపోలేదు. ప్రో టూల్స్ అనునది 1991 నుండియు స్టూడియోలలో నున్నది. కాని వాని వెల ఎక్కువ. వాని లోపలి రచన యజమానులకు తప్ప ఇతరులకు కనబడదు. డేవిస్ ఎన్నుకొనిన దారి వేరు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రారంభించిన స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమము నుండి జి.పి.ఎల్. అను అనుమతి పత్రము 1989లో వెలువడెను. దాని ప్రకారము సాఫ్టువేరును ఎవరైనను వాడుకొనవచ్చును, లోపలి రచనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును. మార్చి పంచువాడు తాను పొందిన స్వేచ్ఛనే తనవద్ద పుచ్చుకొనువారికిని ఇయ్యవలెను. చెరువు నీరు వాడుకొన్నవాడు కాలువకు అడ్డుకట్ట వేయరాదను కట్టుబాటు వంటిది ఇది. ఆర్డోర్‌ను డేవిస్ ఈ కట్టుబాటు క్రిందనే వెలువరించెను. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్సు మీద అది మొదట నడచెను.

పని ప్రారంభించిన తరువాత గాని దాని లోతు తెలియలేదు. లినక్సు మీద ఒక సంగీత ప్రోగ్రాము నుండి మరియొక దానికి శబ్దము సరియైన వేళకు చేరు మార్గము లేదు. ఒకడు వీణ స్వరమును పుట్టించు ప్రోగ్రాము వ్రాసియుండును, వేరొకడు ప్రతిధ్వని కలుపు ప్రోగ్రాము వ్రాసియుండును. రెండును ప్రక్కప్రక్కనే యున్నను ఒకదాని నీరు ఒకదానికి పారదు. అందుచేత డేవిస్ ఆర్డోర్ పనిలోనుండియే జాక్ అను మరియొక సాఫ్టువేరును పుట్టించెను. ఇది అన్ని ప్రోగ్రాములకును ఒకే గడియారమును చూపి, వాని నడుమ శబ్దమును పారించు కాలువల వ్యవస్థ. ఏ కాలువను ఏ మడికి త్రిప్పవలెనో వాడుకొనువాడు నిర్ణయించుకొనును. కొన్నేండ్లకు ఫ్రాన్సు దేశస్థుడైన స్తెఫాన్ లెట్జ్ జాక్‌ను తిరిగి వ్రాసి, ఒకటికంటె ఎక్కువ ప్రాసెసర్లుగల కంప్యూటర్లకు అనువుగా చేసెను. మొదటి పనివాడు కట్టిన కాలువను రెండవవాడు వెడల్పు చేయుటకు ఎవరి అనుమతియు కోరవలసిన పని లేకపోయెను. ఆ పత్రములోని కట్టుబాటు ఫలితము అట్టిది.

ఇట్టి పని చేయువాని దినచర్య యెట్లుండును? బయటివారికి అతడు పని లేక ఇంట కూర్చున్నట్లు కనబడును. బిడ్డను బడికి పంపవలెను, అంగడికి పోవలెను, నడుమ తీరిన గంటలలో లోపములు వెదకవలెను. రైతునకు ఇల్లును, పనియు వేరు కానట్లే ఇతనికిని వేరు కావు. గేదె ఈనునప్పుడు అర్ధరాత్రియైనను లేవవలసినదే కదా. క్రొత్త రూపమును విడుదల చేసిన దినము మిగుల కష్టమైనది. అప్పటివరకు అయిదారు కంప్యూటర్లమీద బాగుగా నడచినది వేల కంప్యూటర్లమీదికి పోవును. ఒకని శబ్దపు కార్డు పలుకదు, మరియొకని పాత రికార్డు తెరువబడదు. లేఖలు వచ్చి పడును. మర్యాదగా వ్రాయువారు కొందరు, తిట్టువారు కొందరు. అన్నిటిని చదివి, ఏది నిజమైన లోపమో, ఏది వాడుకలోని పొరపాటో తేల్చి, దిద్ది, మరల విడుదల చేయవలెను. ప్రారంభించిన నాటి నుండి రెండవ ప్రధాన రూపము వెలువడిన 2007వ సంవత్సరము వరకు లెక్కించినచో ఏడెనిమిది యేండ్లు. అటుపిమ్మట మూడవ ప్రధాన రూపము 2013 మార్చిలో వచ్చెను. ఆరేండ్లు! కీబోర్డుమీద వాయించిన స్వరములను శబ్దముగాగాక స్వరములుగానే గుర్తుంచుకొను సామర్థ్యమును చేర్చుటకు అంత కాలము పట్టెను. ఆ భాగమునకు డేవిడ్ రోబిల్లార్డ్ అను మరియొక పనివాడు ఎంతో పాటుపడెను. రాబిన్ గారియస్ అనునతడు చాలకాలముగా డేవిస్‌తో పాటు ముఖ్య భారమును వహించుచున్నాడు. ఒంటరి పనివాడని నేను పేరు పెట్టినను, తలుపు తెరచియుంచినందున ఇట్లు ఇతరులును లోనికి వచ్చిరి.

ఇప్పుడు మేర సంగతికి వత్తును. అమెజాన్ నుండి వచ్చిన ధనము ఎల్లకాలము నిలువదు. సాఫ్టువేరేమో ఉచితముగా పంచుకొనదగినది. అమ్ముకొనుటకు ఏమున్నది? డేవిస్ చేసిన యుక్తి యిది. సాఫ్టువేరునకు రెండు రూపములుండును. మనుష్యులు చదువదగిన మూల రచన ఒకటి. కంప్యూటరు నేరుగా నడుపగల సిద్ధరూపము రెండవది. మొదటిది వడ్లవంటిది, రెండవది వండి వడ్డించిన అన్నము. వడ్లు ఎవరైనను ఉచితముగా తీసికొనిపోయి, దంచుకొని, వండుకొనవచ్చును. తన యొద్ద విస్తరి ముందు కూర్చుండువారిని మాత్రము ఆయన ఎంతో కొంత యిమ్మని కోరెను. ఇంతయని నిర్బంధము లేదు; శక్తికొలది. నెలకు ఒక డాలరైనను చాలును. ఇష్టమున్నవారు నాలుగు డాలర్లు, పది డాలర్లు, అంతకు మించియు నెలనెల చెల్లించు ఏర్పాటు కలదు. చిన్న చిన్న మొత్తములతో, వేర్వేరు దేశముల గాయకులును, వాద్యకారులును, రికార్డింగు పనివారును కలిసి ఆయనను పోషించుచు వచ్చిరి.

డాలరు మన లెక్కలో రెండు పాళ్లు కాఫీకి కూడ చాలని చోట్లు అమెరికాలో ఉన్నవి. అయినను ఈ పద్ధతిలో ఒక గుణము నాకు మెచ్చదగినదిగా తోచుచున్నది. ఒకేసారి పెద్దమొత్తము చెల్లించి కొన్నవాడు ఆ తరువాత పనివానిని మరచును. పనివాడును తరువాతి కొనుగోలుదారునికొరకు క్రొత్త హంగులు వెదకును. నెలనెల కొంచెమిచ్చువాడు, నేటి వరకు ఉన్నది సరిగా నడచుచున్నదా అని చూచును. మన మేరయు పంట పంటకు కొలిచినదే. పండని యేడు మేర తగ్గెడిది. ఆ నష్టమును నీరటికాడును పంచుకొనెడివాడు. డేవిస్ రాబడియు అట్లే యెక్కుచు దిగుచు వచ్చినది. సంస్థల సాయము కూడ నడుమ నడుమ అందెను. అమెరికాలో స్టూడియో యంత్రములను చేయు హారిసన్ అను సంస్థ ఆర్డోర్ మూల రచనమీద తన మిక్స్‌బస్ అను సాఫ్టువేరును నిర్మించి 2009లో అమ్మకమునకు పెట్టెను. ఊరి చెరువు క్రింద పెద్ద కమతము గలవాడును ఉండుట చెరువునకు మేలే, కట్టుబాటునకు లోబడినంత కాలము.

వేరు దారులు త్రొక్కినవారును కలరు. జస్టిన్ ఫ్రాంకెల్ అను యువకుడు 1997లో పాటలు వినుటకు వినాంప్ అను సాఫ్టువేరును వెలువరించెను. 1999లో ఏ.ఓ.ఎల్. అను పెద్ద కంపెనీ అతని సంస్థను కొనెను. అతడు 2004లో ఆ కంపెనీని విడిచి, రీపర్ అను రికార్డింగు సాఫ్టువేరును వ్రాసి 2006లో మొదటి ప్రధాన రూపమును విడుదల చేసెను. దాని మూల రచన బయటికి రాదు. కాని అరువది దినములు ఉచితముగా వాడి చూచుకొనవచ్చును. ఆపైన సామాన్యుడు అరువది డాలర్లు చెల్లింపవలెను. చెల్లింపకున్నను తలుపు మూసుకొనదు, గుర్తుచేయు మాట మాత్రము తెరమీద వచ్చును. నమ్మకము మీద నడచిన వ్యాపారమిది. మరియొకటి అడాసిటీ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు 1999లో ప్రారంభించిన ఆ సాఫ్టువేరు 2000లో ప్రజలకందెను. ఇది స్వేచ్ఛా సాఫ్టువేరే, సులభమైనది, మన పాఠశాలలలో నేర్పుటకును తగినది. 2021లో మ్యూజ్ గ్రూప్ అను సంస్థ దానిని చేపట్టెను. వాడుకొనువారి వివరములను సేకరించు ప్రతిపాదన రాగా లోకమంతట అలజడి పుట్టినది; సంస్థ ఆ ప్రతిపాదనను వెనుకకు తీసికొనెను. ఊరుమ్మడి వస్తువునకు యజమానులు మారినప్పుడు ఊరివారు కన్నులు తెరచుకొని యుండవలెననుటకు దీనికన్న మంచి ఉదాహరణము నాకు దొరకలేదు.

ఇక మన యూళ్ల సంగతి. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు హైదరాబాదు, బెంగుళూరు మొదలగు నగరములలో సాఫ్టువేరు ఉద్యోగములు చేయు మన బిడ్డలు ఎందరో పల్లెలకు తిరిగివచ్చి, ఇంటినుండియే పనిచేసిరి. అరుగుమీద ఒళ్లో కంప్యూటరు పెట్టుకొని కూర్చున్న యువతీ యువకులను మీరందరును చూచితిరి. కంపెనీ జీతమిచ్చుచుండుటచే వారిని ఎవరును సోమరులనలేదు. అదే పిల్లవాడు, లేదా పిల్ల, జీతము లేక తన సొంత ఆలోచనతో ఒక సాఫ్టువేరును వ్రాయుచున్నచో ఊరు ఏమనును? తల్లిదండ్రులు ఏమందురు? కోడలైనచో అత్తవారేమందురు? ఆ పని విలువ పైకి కనబడదు. రెండేండ్లకో మూడేండ్లకో గాని ఫలితము రాదు. అసలు రాకపోవుటయు కలదు.

అందుచేత డేవిస్ కథ విని, మీ యువకులకు ఉద్యోగములు మానుడని చెప్పవలదు. ఆయన మొదటి యేండ్లకు గాదెలో గింజలుండెను. గింజలు లేనివాడు ముందు ఉద్యోగమే చేయవలెను. సాయంకాలములును, సెలవు దినములును తన సొంత పనికి పెట్టుకొనవలెను. పదిమంది దానిని వాడి, అందు కొందరు నెలనెల యిచ్చుటకు పూనుకొన్నప్పుడు తక్కిన సంగతి ఆలోచింపవచ్చును. ఆ సాయంకాలములు ఎవరి భాగములోనుండి వచ్చుచున్నవను సంగతియు చూడవలెను. భర్త రాత్రి పన్నెండు గంటలవరకు కంప్యూటరు ముందు కూర్చున్నచో బిడ్డను నిద్రపుచ్చునది ఎవరు? ఇంటి పనిని పంచుకొనక చేసిన ఘనకార్యములో సగము భార్యదే యని నా అభిప్రాయము. ఆమె పేరు విడుదల పత్రములో నుండదు.

ఇట్టివారికి గ్రామ పంచాయతీ చేయగల సాయము పెద్దది కాదు, కాని ఉపయోగకరమైనది. గ్రంథాలయములోనో, పంచాయతీ కార్యాలయములోనో ఒక గది, ఒక బల్ల, నిలుకడగల ఇంటర్నెట్టు. విద్యుత్తు పోయినప్పుడు రెండు గంటలు నిలుపగల బ్యాటరీ. గది తాళము చెవి రాత్రి తొమ్మిది గంటల వరకు దొరకుటకు ఒక బాధ్యుడు. మూడవదే కష్టమని మీలో అనుభవజ్ఞులు ఒప్పుకొందురు. ఆడపిల్లలు నిర్భయముగా వచ్చి పోవునట్లు వీథిదీపము వెలుగవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ గది మరియొక పనికిని వచ్చును. మీ ఊళ్లలో ఒగ్గుకథ చెప్పువారు, బుర్రకథ దళములు, నాటువేళ పాడు కూలి స్త్రీలు, పెండ్లి పాటలు తెలిసిన వృద్ధ స్త్రీలు ఉన్నారు. ఒక ముసలామెతో పాటు నలువది పాటలు పోవును. వానిని రికార్డు చేయుటకు సాఫ్టువేరు వెల ఇప్పుడు అడ్డు కాదు. ఒక్క గొంతునకు అడాసిటీ చాలును. దళము మొత్తమును చాళ్లుగా తీయవలెనన్నచో ఆర్డోర్ ఉన్నది. 2015లో వచ్చిన నాలుగవ ప్రధాన రూపము నాటి నుండి అది విండోసు కంప్యూటర్లమీదను నడచుచున్నది. 2023 అక్టోబరులో ఎనిమిదవ ప్రధాన రూపము వెలువడెను. కావలసినవి మైకులు, అన్ని మైకులను వేరువేరుగా కంప్యూటరునకు చేర్చు పెట్టె, ఓపికగల ఇద్దరు పిల్లలు.

రికార్డు చేయునప్పుడు కొన్ని సంగతులు గట్టిగా పాటింపవలెను. పాడువారిని ముందుగా అడుగవలెను. వారు ఒప్పుకొన్న మాటను కాగితముమీద వ్రాసి సంతకము, వేలిముద్ర తీసికొనవలెను. ఆ దినపు కూలి వారికి ముట్టవలెను. నాటువేళ ఒక స్త్రీని రెండు గంటలు కూర్చుండబెట్టి ఉత్తచేతులతో పంపుట న్యాయము కాదు. పాడినవారి పేరు, ఊరు, తేదీ, పాట ఎవరివద్ద నేర్చిరో ఆ వివరము పాటతో పాటే వ్రాసియుంచవలెను. రికార్డులను రెండు డిస్కులలో, రెండు వేర్వేరు భవనములలో దాచవలెను. ఒక చోట వాన కారినను, ఎలుక కొరికినను రెండవది మిగులును. వేరు వేరు చాళ్లను చెరిపివేసి కలిపిన పాటను మాత్రమే దాచుట మంచిది కాదు. నేటి పిల్లలు సరిగా కలుపలేకపోయినను, పదేండ్ల తరువాత మరియొకరు దానిని చక్కగా కలుపగలరు.

ఆర్డోర్‌ను మీ ఊరి పిల్లలు వాడినచో నెలకు ఆ ఒక్క డాలరు సంగతి వచ్చును. పంచాయతీ నిధులనుండి దానిని చెల్లింపవచ్చునా యని ఆడిటు చిక్కులు తెలిసినవారు వెంటనే అడుగుదురు. నా సలహా యేమనగా, పంచాయతీ పద్దుల జోలికి పోవలదు. పాట విన్నవారిలో పదిమంది తలకు పదేసి రూపాయలు వేసికొన్నచో ఇంచుమించు సరిపోవును. మూల రచన ఉచితముగా దొరకుచుండగా ఇదెందుకని ఒక సభ్యుడు చీటీ వ్రాసి పంపినాడు. ఆ ప్రశ్నకును, మైకులను గూర్చి వచ్చిన రెండు చీటీలకును ఇప్పుడు సమాధానము చెప్పుదును. తక్కినవారును తమ ప్రశ్నలను అడుగవచ్చును.